మా ఆయన అభిమాని

మా ఆయన ఓబులేష్ రచయిత. జీవితాన్ని పరిశీలిస్తాడంట. బొమ్మనహళ్ళిలో టీ అంగడి కాడ కూచొని వచ్చేపోయే వాళ్ళను నోరు తెరుచుకొని చూస్తా ఉంటాడు. ఇంట్లో గ్యాస్ అయిపోయిందంటే మాత్రం వినపడదు. నేను జ్వరంతో పడుకోనుంటే, "నీ ముఖంలో ఏదో విషాదం ఉండాది అంబికా" అన్యాడు. విషాదం కాదప్పా, టైఫాయిడ్ అన్నా.

మా వెనకింట్లో పాపక్క ఉండేది. నాతోపాటే గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టేది. మొగుడు చావబాదుతా ఉంటే తట్టుకోలేక, ఎవురికీ చెప్పకుండా కదిరి దిక్కునుంచి పారిపోయి వచ్చింది. ఆ బాధ నాతో చెప్పుకుంటా ఉంటే, ఈయన తలుపు చాటునుంచి విన్యాడు. అదీ పరిశీలనేనంట!

ఆదివారం పేపర్లో కథ పడింది. పాపక్క పేరు తీసేసి సావిత్రి అని పెట్టినాడు. ఇంకేమీ మార్చలా. చేతిమీద తేలు పచ్చబొట్టు, బొమ్మనహళ్ళి, ఫ్యాక్టరీ, మొగుడి కట్టె, అన్నీ ఉన్నదున్నట్టే. "పేరు మార్చినా కదే, ఎవురు కనుక్కుంటారు?" అని నన్నే దబాయించినాడు. కథ కింద ఈయన సెల్ నంబరు వేసినారు. చదివినోళ్ళు ఫోన్ చేసి పొగడాల కదా మరి!

చేసినాడు ఒకడు. పొగడ్తలు నేనూ వినాలని ఈయన స్పీకర్ పెట్టినాడు.

"మీ కథ చదివి ఏడ్చినా సార్. ఆ సావిత్రమ్మ నిజంగా ఉండాదా సార్?"

ఈయన ఉబ్బిపోయినాడు. "ఉండకేం? మా వెనకిల్లే! నేను ఊహించి రాయను బ్రదర్, జీవితంలోంచి తీస్తా."

మజ్జిగ కోసం వచ్చిన పాపక్క వాకిట్లోనే నిలబడిపోయింది. "అక్కా, అది మా ఆయన గొంతే" అనింది. నా ఒళ్ళు మండిపోయింది.

ఫోన్ పెట్టేసినాక చెప్తే ఈయన నమ్మలా. "ఛీ, అంత సంస్కారంగా మాట్లాడేవాడు పెండ్లాన్ని కొడతాడా? నేను మనుషుల్ని చదివినోణ్ణి" అన్యాడు. చదివినావులే, నీ మొగం!

అప్పుడే పాపక్క బట్టలు సంచిలో కుక్కి, ఆటో ఎక్కించుకొని పోయి వదిలిపెట్టి వచ్చినా. ఇంట్లో అడుగు పెడ్తానే ఈయన ఎదురొచ్చినాడు. "యాడికి పోయింది? ఇల్లు విడిచేటప్పుడు ఆమె కండ్లల్లో ఏం కనపడింది? గమనించినావా?"

చెప్పుతో కొట్టాలనిపించింది. ఓర్చుకొని, "బొమ్మసంద్రలో వాళ్ళ పెద్దక్క ఇంటికి. ఎవురికీ చెప్పనని నా తలమీద ఒట్టెయ్" అన్నా. వేసినాడు.

అంతలోనే మళ్ళీ ఫోన్. ఆ అభిమానే. తర్వాత సావిత్రమ్మ ఏమైంది సార్ అని అడుగుతా ఉండాడు. నేను వంటింట్లోంచి వింటా ఉండా.

"కథ ముందుకు నడిచింది బ్రదర్" అన్యాడు మా ఆయన, గొంతు సవరించుకొని. "మన పాత్ర ఇప్పుడు బొమ్మసంద్రలో, వాళ్ళక్క ఇంట్లో ఉండాది."

నా తలేం పగల్లేదు. పాపక్క సర్జాపురలో మా చిన్నమ్మ కదిరమ్మ ఇంట్లో ఉండాది. ఆ సంగతి ఈ పరిశీలకుడికి నేను బతికుండగా తెలీనియ్యను.