దిగకముందే పెట్టిన సంతకం

అడుగు గిన్నెలో అన్నం అదిమి, దాని మీద ములక్కాడ పులుసు గిన్నె పెట్టి, క్యారేజీ కడ్డీ బిగిస్తున్నాను. పన్నెండున్నర అయింది. మా నాన్న వెంకటరత్నం ముక్తిలంక కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. అమ్మ పోయిన దగ్గర్నుంచి, అంటే నా పదో తరగతి అయిన ఏడు నుంచి, ఆయనకి అన్నం పట్టుకెళ్ళడం నా పని. కాలువ గట్టు మీద రెండు కిలోమీటర్లు నడవాలి. అది తొంభై ఏడు మే నెల. ధవళేశ్వరం దగ్గర కాలువలకి నీళ్ళు కట్టేసి నెల దాటింది. గట్టు మీద ఆ వేళకి నేను తప్ప ఎవరూ ఉండరు.

నాన్న తింటున్నంతసేపూ నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుంటాను. ఆ గదిలో చదవడానికి ఎల్‌సీ పుస్తకం తప్ప ఇంకేమీ లేదు. నాలుగేళ్ళుగా అదే చదువుతున్నాను.

స్తంభం ఎక్కాలంటే ముందు ఆ లైనులో కరెంటు ఆపించాలి. దాన్నే లైన్ క్లియర్ అంటారు, అందరి నోటా ఎల్‌సీ. లైన్‌మాన్ సబ్‌స్టేషన్‌కి వచ్చి, పుస్తకంలో ఎడమ గడిలో సంతకం పెట్టి లైను ఆపించుకోవాలి. పని అయ్యాక స్తంభం దిగి, మళ్ళీ తనే వచ్చి కుడి గడిలో సంతకం పెట్టాలి. అప్పుడే ఆపరేటరు కరెంటు ఇవ్వాలి. రూలు అది.

కాని పదకొండు ఊళ్ళకి నలుగురు లైన్‌మాన్లు. కిందటి నవంబరు తుఫానుకి పడిపోయిన లైన్లు హడావిడిగా నిలబెట్టినవి, రోజూ ఎక్కడో ఒకచోట తెగుతాయి. ఒక్కో సంతకానికి ఎనిమిదేసి కిలోమీటర్లు సైకిలు తొక్కితే పని ఎప్పుడవుతుంది? అందుకని పొద్దున్నే వచ్చి రెండు గడుల్లోనూ సంతకాలు పెట్టేసి పోయేవారు. పని అయ్యాక దగ్గర్లో ఏ ఫోనుంటే ఆ ఫోను నుంచి కబురు చేసేవారు. నాన్న కరెంటు ఇచ్చి, కుడి గడిలో టైము వేసేవారు. అలా చేయమని కాగితం మీద ఎవరూ రాయలేదు. తుఫాను తర్వాత ఏఈ, అంటే అసిస్టెంటు ఇంజనీరు, శశిభూషణ్ గారు నోటితో చెప్పారు. నోటితో చెప్పినదానికి సంతకం ఉండదు కదా.

ఆ రోజు పెద్దిరాజు పేరు ఎదురుగా రెండు గడులూ నిండి ఉన్నాయి. టైము ఒక్కటే ఖాళీ. అతను అప్పటికి ఐసు ఫ్యాక్టరీ వెనక తోటలో స్తంభం మీద ఉన్నాడు.

నాన్న చెయ్యి అన్నంలో ఉండగా ఫోను మోగింది. ఎడమ చేత్తో తీశారు. ఐసు ఫ్యాక్టరీ గుమస్తా గొంతు నాకూ వినిపించింది. "పెద్దిరాజు దిగిపోయాడండి, లైను ఇచ్చేయండి. ఐసంతా నీళ్ళయిపోతందండి."

నాన్న చెయ్యి కడుక్కున్నారు. తువ్వాలుతో తుడుచుకుని స్విచ్చి వేశారు. ఒంటిగంటా ఇరవై అని రాశారు. వెంటనే స్విచ్చి దానంతటది కొట్టేసి, కరెంటు ఆగిపోయింది. తీగకి కొబ్బరి మట్ట తగిలినా అలాగే కొట్టేస్తుంది. అందుకని ఒకసారి మళ్ళీ వేసి చూస్తారు.

నాన్న మళ్ళీ వేశారు.

పావుగంటకి మోపెడ్ మీద ఒకతను వచ్చి చెప్పాడు. పెద్దిరాజు దిగిన మాట నిజమే. దిగి మంచినీళ్ళు తాగాడు. గుమస్తా చూసింది అంతవరకే. తీగ మీద ఇంకో మట్ట మిగిలిపోయిందని పెద్దిరాజు మళ్ళీ ఎక్కాడు.

నాన్న మిగిలిన అన్నం వైపు చూస్తూ నిలబడ్డారు. నేను ఆయన చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకున్నారు.

పని చేసే చోట తీగకి ఎర్త్ రాడ్డు తగిలించి ఉంటే, ఎవరు పొరపాటున కరెంటు ఇచ్చినా అది భూమిలోకి పోయేది. సెక్షన్ మొత్తానికి ఉన్నది ఒక్క రాడ్డు. దాని కొక్కెం తుఫానులో విరిగింది. రబ్బరు గ్లౌజులు ఒక జత ఉన్నాయి. పౌడరు చల్లి బీరువాలో పెట్టి, ఇన్‌స్పెక్షన్ రోజున బల్ల మీదకి తీస్తారు. పెద్దిరాజు వాటిని తొడుక్కుని ఎరుగడు.

మర్నాడు పెద్దిరాజు దహనం అయ్యాక లైన్‌మాన్లు, హెల్పర్లు, చుట్టుపక్కల సెక్షన్ల వాళ్ళు ఆఫీసు ఆవరణలో పోగయ్యారు. నేను రోడ్డుకి అవతల సైకిలు షాపు నీడలో నిలబడి విన్నాను. ఆపరేటర్ని స్తంభానికి కట్టి స్విచ్చి వేయాలని ఒక హెల్పరు అన్నాడు. వేలు మా ఇంటి వైపు చూపించి మరీ అన్నాడు. గుమస్తాని తన్నాలని ఇంకొకరు. ఇదంతా పెద్దిరాజు రాత, మనకెందుకు అని ఇంకొకరు. అందరికన్నా పెద్దవాడు పోతురాజు, ముప్ఫయ్యేళ్ళుగా స్తంభాలెక్కుతున్న మనిషి, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మీరు పెద్దవారు, ఏదో ఒకటి చెప్పండని ఎవరో కసిరారు. "ఏం చెప్పమంటావురా? నా సంతకం మాత్రం ఎక్కడుంది, కుడి గడిలో లేదా?" అన్నాడు. ఒకరొకరుగా సైకిళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం శశిభూషణ్ గారు మా ఇంటికి వచ్చారు. ఆయన చెప్పింది ఇది: పుస్తకంలో పెద్దిరాజు సంతకం ఉంది కాబట్టి అతను దిగి, సబ్‌స్టేషన్‌కి వచ్చి, లైను అప్పగించినట్టే. తర్వాత ఎవరికీ చెప్పకుండా మళ్ళీ ఎక్కాడు. అది అతని సొంత నిర్లక్ష్యం. స్తంభం కింద యానాం మందు సీసా కూడా దొరికిందని రిపోర్టులో రాశారట. నేను అక్కడే ఉన్నానని అందరికీ తెలుసు గనుక, పెద్దిరాజు రావడం చూశానని ఎంక్వైరీలో ఒక్క ముక్క చెబితే నాన్న ఉద్యోగానికి ఢోకా లేదు. చెప్పకపోతే జైలు.

"తాగేవాడు కాదండి అతను," అన్నారు నాన్న.

"పోయినవాడికి పరువేంటండీ," అన్నారు శశిభూషణ్ గారు.

సొంత నిర్లక్ష్యం అని రాస్తే పెద్దిరాజు భార్య వీరవేణికి ఉద్యోగం రాదు. అది నాన్నకి తెలుసు. ఆ రాత్రి నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఒక గదిలో ఆయన, వంటింట్లో నేను. కుళాయి దగ్గరికి వెళితే ఆడవాళ్ళ మాటలు ఆగిపోయేవి, నా బిందె నిండాక మళ్ళీ మొదలయ్యేవి. నన్ను ఒక్కరైనా తిడితే బాగుండుననిపించేది. నాన్న రోజూ డ్యూటీకి వెళ్ళారు, క్యారేజీ ముట్టుకోలేదు. నేను తీసుకెళ్ళింది తీసుకెళ్ళినట్టు వెనక్కి తెచ్చి ఆవుకి పెట్టేదాన్ని.

నాలుగో రోజు ఎంక్వైరీ. దారిలో వీరవేణి ఇల్లు. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది. తప్పించుకుపోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"ఏమ్మా, మా ఆయన అప్పగించడానికి ఒచ్చినప్పుడు నువ్వు చూశావంట. మనిషి ఎలాగున్నాడు? ఏవన్నా అన్నాడా?"

ఆమె నన్ను నిలదీయడం లేదు. నమ్మే అడుగుతోంది. చివరిసారి చూసినదాన్ని నేనేనని. నేను ఆఫీసు దారి పట్టాను.

సెక్షన్ ఆఫీసులో పెద్దాఫీసరు గారు ఫ్యాను కింద, ఎల్‌సీ పుస్తకం ఉన్న బల్ల ముందు కూర్చున్నారు. పక్కన శశిభూషణ్ గారు. నాన్న గోడవార నిలబడ్డారు. కిటికీల నిండా లైన్‌మాన్ల మొహాలు. ముందు నాన్నని అడిగారు. పుస్తకంలో ఉన్నదే నా సాక్ష్యమండి అని ఊరుకున్నారు. తర్వాత నన్ను పిలిచారు. అంతమంది మగవాళ్ళ మధ్య నేనెప్పుడూ మాట్లాడి ఎరగను.

పెద్దిరాజు ఎన్నింటికి వచ్చాడమ్మా అని అడిగారు.

"రాలేదండి."

సరిగ్గా గుర్తు తెచ్చుకోమన్నారు శశిభూషణ్ గారు.

"రాలేదండి. ఫోనొచ్చింది. సంతకం పొద్దున్నే పెట్టేశారు. ఆయనొక్కరే కాదండి, అందరూ పొద్దున్నే పెడతారు. తుఫాను దగ్గర్నుంచి చూస్తున్నాను. ఏఈ గారే అలా చెయ్యమన్నారు."

నాన్న వైపు చూడలేదు. చూస్తే ఆపేసేదాన్ని.

చిన్నపిల్ల, కంగారుపడుతోందని శశిభూషణ్ గారు అంటూండగా పోతురాజు గుమ్మం దాటి లోపలికొచ్చాడు. ఎవరూ పిలవలేదు. చెప్పులు బయట విడిచి, భుజం మీద తువ్వాలు తీసి వచ్చాడు.

"ఆ పిల్ల కంగారుపడతల్లేదు సార్. పుస్తకంలో ఇవాల్టి పేజీ తియ్యండి."

పెద్దాఫీసరు గారు తీశారు.

"నా పేరు చూడండి. రెండు గడుల్లోనూ సంతకముందా? ఇంకా నేను స్తంభం ఎక్కలేదు సార్. ఇక్కడే మీ ముందర నిలబడ్డాను. పుస్తకంలో మాత్రం ఎక్కి దిగిపోయాను. పెద్దిరాజుని తగలేసొచ్చిన చేత్తోనే మళ్ళీ పెట్టాను. ఇది ఒళ్ళు బలిసి చేసిన పని కాదు. మనుషుల్నివ్వరు, రాడ్డివ్వరు, గ్లౌజులు బీరువాలో దాచుకుంటారు, పని మాత్రం చిటికెలో అవ్వాలంటారు. ఇంకో సీసా కూడా తెప్పించుకోండి, నేను పోయినప్పుడు పనికొస్తది."

కిటికీ బయట ఎవరో నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది.

పోతురాజు బల్ల మీది పెన్ను తీసుకుని కుడి గడిలో తన సంతకం కొట్టేశాడు. శశిభూషణ్ గారు పుస్తకం లాక్కోబోయారు. అప్పటికే రెండోవాడు లోపలికొచ్చాడు, వాడి వెనక మూడోవాడు. ఆ రోజుకి పెట్టిన దొంగ సంతకాలన్నీ కొట్టేశాకే పుస్తకం బల్ల మీద పెట్టారు. మా నాన్నని కట్టేసి స్విచ్చి వేస్తానన్న హెల్పరు బయటికి వెళుతూ నా ముందు ఒక్క క్షణం ఆగాడు. తల దించుకుని వెళ్ళాడు.

ఆ మధ్యాహ్నమే గట్టు మీద టెంటు వేశారు. సమ్మె అనలేదు. రూలు ప్రకారం పని చేస్తామన్నారు. రాడ్డు తగిలించాకే ఎక్కుతాం, గ్లౌజు తొడుక్కునే తీగ ముట్టుకుంటాం, దిగి వచ్చాకే సంతకం పెడతాం. రాడ్డూ గ్లౌజులూ అందరికీ ఇచ్చేదాకా, పెద్దిరాజు మీద రాసిన మాట కొట్టేసి వీరవేణికి ఉద్యోగం ఇచ్చేదాకా, ఉన్న ఒక్క విరిగిన రాడ్డుతో ఎన్ని స్తంభాలెక్కగలిగితే అన్నే. రెండు రోజుల్లో ఆరు ఊళ్ళు చీకటైపోయాయి. రొయ్యల చెరువుల ఆసాములు ట్రాక్టర్ల మీద వచ్చి టెంటు పీకేస్తామన్నారు. పోతురాజు విరిగిన రాడ్డు వాళ్ళ చేతికిచ్చి, మీరెక్కండి బాబూ, మేం కింద నిలబడతాం అన్నాడు. ఎవరూ ఎక్కలేదు. సాయంత్రానికి ఐసు ఫ్యాక్టరీ కూలీలు వచ్చి టెంటులో కూర్చున్నారు. ఐసు గదిలో అమ్మోనియా గ్యాసు లీకైతే మాక్కూడా మాస్కులేమీ ఉండవండి, మొహానికి తడిగుడ్డే అన్నారు. గుమస్తా కూడా వచ్చాడు. చివర్న, ఎవరికీ ఆనకుండా కూర్చున్నాడు.

ఇవన్నీ నేను దూరం నుంచి చూసినవే. టెంటులో నాకు చోటుందో లేదో తెలియదు. మా నాన్న చెయ్యి వేసిన స్విచ్చి వల్లే కదా ఆ టెంటు లేచింది. ఇంట్లో ఆయన, ఎంక్వైరీ అయ్యాక వచ్చిన సస్పెన్షన్ కాగితం దిండు కింద పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను కంచం పెడితే లేచేవారు, నేను బయటికి వెళితే తినేవారు. నా మొహం చూడలేదు. ఒకసారి మాత్రం, నేను గుమ్మం బయట ఉన్నాననుకోక, రెండోసారి ఎందుకు వేశాను అని తనలో తను అనుకోవడం విన్నాను.

మూడో రోజు పది గంటలకి జీపు ఆగింది. శశిభూషణ్ గారు కుర్చీలో కూర్చుని ఒక కాగితం నాన్నకిచ్చారు. టైపు చేసినది. తల్లి పోయిన దగ్గర్నుంచి మా అమ్మాయికి మతిస్థిమితం సరిగా లేదు, ఎంక్వైరీలో ఆమె చెప్పినదేదీ నిజం కాదు అని ఉంది. కింద నాన్న పేరు, సంతకానికి ఖాళీ.

"ఇంకా ఆరేళ్ళ సర్వీసుందండి మీకు. ఇది పెడితే రేపట్నుంచి డ్యూటీకి రావచ్చు. పెట్టకపోతే సాయంత్రం ఎస్ఐ గారొస్తారు. నిర్లక్ష్యం వల్ల మరణం అని కేసు. టెంటులో వాళ్ళు మిమ్మల్ని కడుపులో పెట్టుకుంటారనుకుంటున్నారా? నిన్నగాక మొన్న స్తంభానికి కట్టేస్తామన్నవాళ్ళే. అమ్మాయికేం పోయిందండీ, కాగితం మీద మాటేగా."

నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. నన్ను పిచ్చిదాన్ని చేసినా ఫరవాలేదు, నాన్న జైలుకి వెళ్ళకపోతే చాలని ఒక క్షణం అనిపించింది. అది దాచను.

నాన్న కాగితం రెండుసార్లు చదివారు. శశిభూషణ్ గారు తన పెన్ను మూత తీసి అందించారు. నాన్న తీసుకున్నారు. తలెత్తి నా వైపు చూశారు. వారం రోజుల్లో అదే మొదటిసారి.

పెన్ను మూత పెట్టి, సంతకం లేని కాగితం మీద ఉంచి, రెండూ శశిభూషణ్ గారి ఒళ్ళో పెట్టారు. లేచి కొక్కానికున్న చొక్కా తీసుకుని, బొత్తాలు పైదాకా పెట్టుకున్నారు. శశిభూషణ్ గారు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. నాన్న చెప్పులు తొడుక్కుని గుమ్మం దిగారు. డ్రైవరు జీపు తలుపు తీసి పట్టుకున్నాడు. ఆయన జీపు దాటి, గట్టెక్కి, టెంటు వైపు నడిచారు.