అవతలి వాటాలో రికార్డరు

రెండు గంటలకు జీపు వస్తుందని పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. అప్పటికి పన్నెండున్నర. సిద్దేశ్ వాకిట్లో ట్రాక్టరు నీడన గొంతుకూర్చుని ఉన్నాడు. పదకొండేళ్లుగా ఆ ఇంటి గొడ్లూ చేలూ చూస్తున్న మనిషి. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

పోయింది మోటారు. కాలువకు నీళ్లు ఆపేశాక చేలోంచి తెచ్చి కొట్టంలో పెట్టింది. ఆదివారం ఇంటిల్లిపాదీ ఎమ్మిగనూరులో పెళ్లికి వెళ్లారు. మంగళవారం చూస్తే మోటారు లేదు, తాళం పగల్లేదు. రెండో తాళంచెవి సిద్దేశ్ దగ్గర ఉంటుంది. ఇంటి యజమాని వెంకటప్పయ్య అక్కడితో ఆలోచన ఆపేసి, సిరుగుప్ప వెళ్లి ఫిర్యాదు ఇచ్చి వచ్చాడు.

“కొట్టానికి ఎదురుగా కెమెరా ఉంది కదా నాన్నా. చూడకుండా మనిషిని ఎట్లా పట్టిస్తావ్?” అంది కూతురు బిందుశ్రీ. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తనే.

“చూడు. నిన్నెవరొద్దన్నారు?”

చూడటమే కుదరడం లేదు. రెండేళ్ల కిందట నాన్నా, బాబాయ్ శ్రీమన్నారాయణా విడిపోయి ఇంటిని రెండు వాటాలు చేసుకున్నారు. ఇంటర్నెట్ లైను మాత్రం ఒక్కటే మిగిలింది. రూటరూ, కెమెరాల రికార్డరూ బాబాయ్ వాటాలో ఉన్నాయి. గోడకు బెజ్జం వేసి ఒక తీగ ఇటు లాగారు. బాబాయ్ వాళ్లు తాళం వేసుకుని గుంటూరు వెళ్లి వారమైంది. ఆయన రికార్డింగులు టీవీలోనే చూసేవాడు, ఫోనుకు కలపలేదు.

విడిపోకముందు బిందుశ్రీ ఇదే ల్యాప్‌టాప్‌లో ఆ కెమెరాలు చూసేది. ఇప్పుడు మూడుసార్లు వెతికించింది. మూడుసార్లూ ఒకటే మాట: పరికరాలేవీ కనబడలేదు. తీగ మార్చి చూసింది. రూటరును పలకరిస్తే వెంటనే బదులిస్తోంది. రికార్డరు పాత ఐపీ చిరునామా ఆమెకు గుర్తే. దాన్ని పలకరిస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

కరెంటు తీసేసి వెళ్లారేమో! బయటికి పరుగెత్తి బాబాయ్ వాటా కిటికీ ఊచల్లోంచి తొంగి చూసింది. ఫ్రిజ్ మీద రికార్డరు నీలం దీపం మిణుకుమంటోంది.

“ఏమన్నా కనపడ్తాండాదా పాపా?” అన్నాడు సిద్దేశ్ కూర్చున్నచోటి నుంచే.

“పెట్టె బతికే ఉండాదప్పా. మాకే కనపడకుండా ఉండాది.”

లోపలికొచ్చి కూర్చుంది. ఇటు వచ్చిన తీగా, రికార్డరు తీగా ఒకే రూటరులో ఉన్నాయి. అవి దూర్చిన రెండు పోర్టులనూ బ్రిడ్జి చేసి ఒకే నెట్‌వర్కుగా కలిపారు. అలాంటప్పుడు ఇటు ఉన్నది అటున్నదాన్ని చూడాలి. చూడటం లేదంటే మధ్యలో ఎవరో కావాలనే ఆపారు.

“నాన్నా, లైను వేసిన నాగరాజ్‌తో ఆ రోజు ఏం చెప్పారు?”

వెంకటప్పయ్య కండువాతో మెడ తుడుచుకున్నాడు. “ఏం చెప్తాం? నెట్టు ఇద్దరికీ రావాల, మా సామాన్లు వాళ్లకీ, వాళ్లవి మాకూ కనపడకూడదన్నాం.”

“మరి దాన్ని తీసేయాలంటే పాస్‌వర్డ్?”

“సగం నా దగ్గర, సగం వాడి దగ్గర. ఒక్కడే మార్చకుండా ఇద్దరం చెరి సగం కొట్టాం.”

బిందుశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒకటీ పది. బాబాయ్‌కి ఫోన్ చేసి సంగతంతా చెప్పింది.

“సిద్దేశా? వాడు తియ్యడే!” అన్నాడాయన. “మీ నాన్ననడగమను. నా సగం చెప్తా.”

“బాబాయ్, టైం లేదు.”

“నాకుందమ్మా. రెండేళ్లనుంచీ ఉంది.”

ఆమె ఫోను తండ్రి ముందు పెట్టింది. ఆయన దాన్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

“మోటారు పోతే పోనీ. వాణ్ణి నేనడగను.”

“మోటారు కోసం కాదు నాన్నా. ఆ మనిషిని మన క్యాంపు ఊళ్లో అందరూ చూస్తుండగా జీపెక్కిస్తారు. రేపు తను తియ్యలేదని తేలినా ఎవరు నమ్ముతారు?”

కిటికీలోంచి సిద్దేశ్ వీపు కనబడుతోంది. వెంకటప్పయ్య అటే చూస్తూ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఒరేయ్… నేను. చెప్పు.”

అవతలి నుంచి బాబాయ్ గొంతు వినబడింది. “తూము కాడి చెక్క సర్వే నంబరు.”

ఆ పొలం చెక్క ఎవరికన్న దగ్గరే అన్నదమ్ములు విడిపోయారు. వెంకటప్పయ్య నంబరు తడుముకోకుండా చెప్పాడు. తన సగం మాత్రం కూతుర్ని పక్కకు జరగమని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టాడు.

రూటరు తెరుచుకుంది. ఒక పోర్టు ఇంకో పోర్టును చూడకుండా ఆపే గడిలో టిక్కు ఉంది. బిందుశ్రీ అది తీసేసింది. మళ్లీ వెతికించింది. చక్రం తిరిగింది, తిరిగింది. బాబాయ్ వాళ్ల టీవీ వచ్చింది. దాని కింద రికార్డరు వచ్చింది.

ఆదివారం. ఉదయం ఎనిమిదీ ఇరవై: పెళ్లిబట్టల్లో వెంకటప్పయ్య కొట్టంలోంచి గొడుగు తీసుకుని, తలుపు దగ్గరగా లాగి, తాళం కొక్కేనికే వేలాడేసి వెళ్లిపోయాడు. ఒంటిగంటకు సిద్దేశ్ వచ్చాడు, కొట్టం బయటున్న తవుడు బుట్ట తీసుకున్నాడు, తలుపు ముట్టకుండానే గొడ్లకు పెట్టి పోయాడు. నాలుగున్నరకు గూడ్స్ ఆటో వచ్చింది. ముక్కూమొహం తెలియని ఇద్దరు మోటారు మోసుకుపోయారు. పోతూ పోతూ తాళం నొక్కి వెళ్లారు.

వెంకటప్పయ్య గొడుగు తీసిన ముక్కను ఇంకోసారి వేయించుకుని చూశాడు. వాకిట్లోకి నడిచాడు.

“సిద్దేశా, తాళం మరిచిపోయింది నేను. తప్పు నాది. జీపు వస్తే నేను మాట్లాడతా.”

సిద్దేశ్ ట్రాక్టరు చక్రం పట్టుకుని లేచాడు. ఆయన వైపు చూడలేదు.

“పాపా, ఆ బొమ్మ నీ ఫోన్లోకి వస్తాదా?”

“వస్తాదప్పా. ఎందుకు?”

“నా ఇంటిదానికి చూపియ్యాల. నిన్నట్నుంచి అదీ నాతో మాట్లాడ్లే.”

బిందుశ్రీ వీడియో ఫోన్లోకి దించుకుని చెప్పులేసుకుంది.

“నేనూ వస్తా” అన్నాడు వెంకటప్పయ్య. “జీపొచ్చేలోపు ఆమెకు నేను చెప్తా.”

సిద్దేశ్ రమ్మనలేదు, వద్దనలేదు. ముందు నడిచాడు.