వీరదుర్గ కట్టిన పాటలు

రాజమండ్రిలో సురేష్‌బాబు గారి ప్రెస్‌లో పాటల పుస్తకాలు కంపోజ్ చేసేది వీరవేణి. కంప్యూటర్లో ఐదు గీతల మీద స్వరాలు పేర్చి, వాటి కింద సాహిత్యం అమర్చేది. తెలుగు వత్తులు కిందికి వేలాడి తర్వాతి వరస గీతలకి తగిలేవి. సెట్టింగుల్లోకి వెళ్ళి వరసల మధ్య ఖాళీ పెంచేది, పదాలు ఒకదాని మీదొకటి ఎక్కకుండా జరిపేది. పొద్దుట్నుంచీ అదే పని.

ఆమెకి కోపమొస్తే దగ్గర్లో ఉన్న నీళ్ళు మరిగేవి. చిన్నప్పట్నుంచీ అంతే. అందుకే ప్రెస్‌లో మంచినీళ్ళ క్యాను ఆమె బల్లకి దూరంగా పెట్టుకునేవారు.

ఆ వారం సంగీతం మాస్టారు ప్రసన్నకుమార్ గారి పుస్తకం వచ్చింది. ఆయన ఉప్పాడ వెళ్ళి, చేపలమ్మే అప్పాయమ్మ చేత వల లాగే పాటలు పాడించుకుని ఫోన్లో రికార్డు చేసుకొచ్చారు. అవి వింటూ వీరవేణి పన్నెండు పాటలు ఎక్కించింది. ప్రతి పాట పైనా కుడివైపు, స్వరకర్త పేరుండే చోట, అప్పాయమ్మ పేరు పెట్టింది.

ప్రూఫు చూసి ఆయన, "ఇక్కడ నా పేరు రావాలమ్మా," అన్నారు.

"మరి ఆవిడ పేరండీ?"

"చివర్లో కృతజ్ఞతల్లో వెయ్యి. ఆరు పాయింట్లు చాలు."

"అంత చిన్నగా అయితే కనబడదండి."

"కనబడకపోతే ఏంటి? ఆవిడకి చదువొచ్చా ఏంటి?"

వీరవేణి పళ్ళు బిగపట్టి ఆయన చెప్పినట్టే మార్చింది. ప్లేట్లు తీసి మెషిన్‌కి ఎక్కించారు. ప్లేట్లని తడిపే మెషిన్ తొట్టిలో నీళ్ళు కుతకుతా ఉడికాయి, సిరా కాగితమంతా అలుక్కుపోయింది. నీళ్ళు మారిస్తే అవీ మరిగాయి.

సురేష్‌బాబు గారు చేతులు తుడుచుకుంటూ వచ్చి, కరెంటు పోయిందన్నంత మామూలుగా, "మెషిన్ ఆడదండి. మా వేణికి కోపమొచ్చింది," అన్నారు.

"రేపు పొద్దున్నే ఆవిష్కరణండీ! హాలు కూడా మాట్లాడేశాను!"

"అయితే అమ్మాయితో మాట్లాడుకోండి."

ప్రసన్నకుమార్ గారి మొహం కందగడ్డయింది. "ఏంటమ్మా, నీకేం కావాలి?"

"నాకేం వద్దండి. ఒక్కో పాట ఇరవైసార్లు విన్నాను. అందులో ఒక్క ముక్క మీరు కట్టింది కాదు. ఆవిడ పేరు పీకేసి మీ పేరు పెట్టించారు. అదీ నా చేత్తో!"

ఆయన ఆవిరి వంక చూశారు. "సరే, ఆవిడ పేరే పెట్టి తగలడు."

ఇంటిపేరు కనుక్కుందామని వీరవేణి అప్పాయమ్మకి ఫోన్ చేసింది. సంగతంతా విని ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"ఆయన పేరేంటి, నా పేరేంటి? కట్టింది మా అత్త వీరదుర్గ. నేను పాడానంతే. ఆ మాట ఆయనకి ఆ రోజే చెప్పానుగా!"

వీరవేణి ఫోన్ దించి మాస్టారి వంక చూసింది.

"పోయినావిడకి పేరెందుకమ్మా..." అని ఆయన నసిగేలోపే ఆయన చేతిలో నీళ్ళ సీసా చెయ్యి కాలేంత వేడెక్కింది. దాన్ని కింద పెట్టేసి చెయ్యి ఊదుకున్నారు.

అట్ట మీద సేకరణకర్తగా ఆయన పేరు ఉంచింది. పాటల పైన మాత్రం "కట్టినది వీరదుర్గ, పాడినది అప్పాయమ్మ" అని రెండు వరసలు పెట్టింది. చోటు చాలకపోతే స్వరాలన్నీ కాస్త కిందికి జరిపింది. సాయంత్రానికి మెషిన్ ఆడింది.

వీరదుర్గకి ఫొటో లేదు. ఆవిడ ఇల్లూ, ఆ వీధీ ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి. మర్నాడు వీరవేణి ఉప్పాడ వెళ్ళి పుస్తకం ఇస్తే, అప్పాయమ్మ చేపల బుట్ట దించి, కొంగుకి చేతులు తుడుచుకుని, "ఏదీ, మా అత్త ఎక్కడుందో చూపించు," అంది.

వీరవేణి ఆవిడ వేలు పట్టుకుని ఆ పేరు మీద పెట్టింది.