ద్వారం పక్క సందు

...అందులోనూ కాంక్రీటు. రాయి అయినా కొంత నయం, దానికి వయసుంటుంది, నాచు పడుతుంది. ఇది యుద్ధంలో గుడి పాత చెక్క ద్వారం కాలిపోయాక ఇనుప చువ్వలు పెట్టి, సిమెంటు పోసి నిలబెట్టినది. రెండు లావుపాటి స్తంభాలు, పైన రెండు అడ్డ దూలాలు. ఆరేళ్లకొకసారి బజారు సంఘం వాళ్లు ఎర్రరంగు కొట్టిస్తారు. కింది దూలానికి నగరపాలక సంఘం వాళ్ల రేకు పలక ఒకటి వేలాడుతుంది: మూడు మీటర్ల ముప్ఫై సెంటీమీటర్ల ఎత్తు దాటిన లారీలు రాకూడదట. దేవుడి ఇంటి వీధివాకిలికి లారీల కొలత! కళ్లు మూసుకుని తల వంచేవాళ్ల నమస్కారంలో సగం ఆ రేకుకే పోతుందని ఒక్కడికీ తట్టదు.

అప్పటికి పావుగంటగా నేనక్కడ నిలబడి ఉన్నాను. జనవరి నాలుగు, పొద్దున్న తొమ్మిదిన్నర. ఒసాకాలో మా బజారు వీధి ఆ ద్వారం కిందనుంచే గుడికి పోతుంది. చేపల లారీలు, టాక్సీలు, సైకిళ్లు, మనుషులు, అందరికీ అదే దారి. వచ్చేపోయేవాళ్లను చూస్తున్నాను. ఒక ముసలాయన సైకిలు దిగి, టోపీ తీసి, నడుం వంచి, మళ్లీ టోపీ పెట్టుకుని, గుడివైపు కాకుండా పక్క వీధిలోకి తిరిగిపోయాడు. పిల్లల బండిలో కుక్కను కూర్చోబెట్టి తోసుకొచ్చిన ఒకావిడ, తను వంగింది చాలక కుక్క తల కూడా వేలితో నొక్కి వంచింది. కాలేజీ పిల్ల ఒకతె ఫోను చెవి దగ్గరే పెట్టుకుని వంగి, "లేదే, నవ్వట్లేదు, దండం పెడుతున్నా, ఆగు," అంటూ లోపలికి పోయింది. కుక్క నా వైపు చూసింది. అక్కడున్న ముఖాల్లో నాకు నచ్చింది అదొక్కటే.

నాకు మనుషుల మీద ద్వేషం లేదు. ద్వేషానికి శ్రద్ధ కావాలి. నాకున్నది చిన్నచూపు. ఇరవై రెండేళ్లు ఒకే ఆఫీసులో పనిచేసిన వాడికి అది శ్రమ లేకుండా అబ్బుతుంది.

ఆ ఆఫీసు వాళ్ల కోసమే ఆగాను. మాది లిఫ్టులు బాగుచేసే కంపెనీ. ఏటా కొత్త సంవత్సరంలో పని మొదలయ్యే రోజున మా సెక్షను పదకొండు మందీ ఈ గుడికి వచ్చి, ఏ లిఫ్టూ ఎవరితోనూ కిందపడకుండా చూడమని మొక్కుకుని, ఆఫీసుకు పోతాం. తీగలకు గ్రీజు పెట్టడం మా పని, అవి తెగకుండా చూడటం దేవుడి పని.

గుంపు మెట్రో మెట్లెక్కి వచ్చింది. ముందు మా మేనేజరు తకారాబె, నోట్లో పళ్లపుల్లతో. దేవుడి దగ్గరికి వచ్చేవాడు ఆ పుల్లను ఎక్కడ పారేస్తాడా అని చూశాను. తీసి కోటు జేబులో వేసుకున్నాడు.

"మినోబే! ముందే వచ్చేశావా? లోపలికి వెళ్లకపోయావా, చలిలో ఏమిటిది?"

"మీరొచ్చాక వెళదామని, సార్."

"చూశారా! తండ్రి లేకుండా పెరిగినవాడికి పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు, అదే వస్తుంది." ఆయన ఏటా ఎక్కడో ఒకచోట ఈ మాట అంటాడు. నేను ఏటా తల కొంచెం దించుతాను. "సరే, అందరూ అంచుకు రండి. మధ్యలోంచి నడవకండయ్యా, మధ్య దారి దేవుడిది."

"చేపల లారీ మధ్యలోంచే పోయిందిగా, సార్?" అన్నాడు కెమ్మొత్సు. మా సెక్షనులో నోరు అతనిది, పని మిగతావాళ్లది.

"దానికి చెప్పేవాళ్లు లేరు. నీకు నేనున్నాను."

అందరూ నవ్వారు. అప్పుడే ఉసామి వెనకనుంచి చెయ్యి ఎత్తింది. ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చునే యాభయ్యేళ్ల మనిషి. "మీరు ఇటునుంచి వెళ్లండి, సార్. నాకు మైల. మా అత్తగారు పోయి ఇవాళ్టికి ముప్ఫై ఎనిమిదో రోజు. నేను స్తంభం పక్కనుంచి వచ్చి, లోపల బెంచీ మీద కూర్చుంటాను."

"అవునవును, యాభై రోజులు కాలేదు కదా," అన్నాడు తకారాబె. గొంతు వెంటనే మెత్తబడింది. ఈ ఊళ్లో లిఫ్టు ఆగితే మా మీద కేకలేసేవాడు కూడా, చావు వచ్చిన ఇంటి మనిషిని ఆ ద్వారం కిందనుంచి రమ్మనడు.

"మీ అత్తగారి గురించి ఆరేళ్లుగా మాకు చెప్పినవి తలుచుకుంటే, ఉసామి గారూ, యాభై ఎందుకండీ, ఐదు రోజులు చాలు," అన్నాడు కెమ్మొత్సు.

"గయ్యాళే, కాదన్నానా? అయినా పోయిందిగా. ఆవిడ కోసం నేను చుట్టూ తిరగకపోతే ఇంకెవరు తిరుగుతారు, మా ఆయనా? ఆయన టీవీ ముందునుంచి లేవడు."

ఎడమ స్తంభానికీ పక్కనున్న ఫోన్ల దుకాణం గోడకూ మధ్య జానెడున్నర సందు ఉంది. ఉసామి అక్కడ వాలి ఉన్న సైకిలును ఒకదాన్ని సరిచేసి, చేతిసంచి పైకెత్తుకుని, సునాయాసంగా అవతలికి చేరింది. నాకు నవ్వొచ్చింది. ఏ తీగ ఎన్ని కిలోలు మోస్తుందో రోజంతా ఫోనులో జనానికి వివరించే మనిషి! చావు అంటుకుంటుందట, దాన్ని ద్వారం కిందనుంచి తీసుకుపోతే దేవుడికి తగులుతుందట, పక్కనుంచి తీసుకుపోతే తగలదట. అది కూడా కాంక్రీటు ద్వారం.

నాకు ఇరవై తొమ్మిదో రోజు.

ఈ సంగతి భూమ్మీద నాకూ, ముసలివాళ్ల ఆశ్రమంలో ఇద్దరు నర్సులకూ, దహనవాటిక ఉద్యోగి ఒకడికీ తప్ప ఎవరికీ తెలియదు. డిసెంబరు ఆరున మా నాన్న పోయాడు. ఆఫీసులో పన్ను పీకించుకోవాలని ఒకరోజు సెలవు అడిగాను. కాలిన తరువాత ఎముకలను ఇద్దరు మనుషులు చెరో జత పుల్లలతో కలిసి పట్టుకుని జాడీలో వేయాలి. రెండో మనిషి కోసం ఆ ఉద్యోగి తలుపువైపు చూశాడు. "ఇంకెవరైనా వస్తారాండీ?" "లేరు." అతను చేతితొడుగులు మార్చుకుని, ఇంకో జత పుల్లలు తెచ్చి, మా నాన్న మోకాలి చిప్పను నాతో కలిసి ఎత్తాడు. మర్నాడు ఆఫీసులో ఉసామి నా బల్ల మీద గుడ్డు పుడ్డింగు పెట్టింది, పన్ను తీసిన నోటికి మెత్తగా ఉంటుందని. ఒక దవడ పట్టుకుని తిన్నాను. తింటూ, ఎంత తేలిగ్గా నమ్ముతుందో అనుకున్నాను.

చెప్పడానికి వీల్లేదు. మా నాన్న నా ఆఫీసులో ఇరవై రెండేళ్ల కిందటే పోయాడు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో తకారాబె నన్ను తాగడానికి తీసుకెళ్లి, మీ నాన్నగారేం చేస్తారని అడిగాడు. "నేను కాలేజీలో ఉండగానే పోయారు, గుండెపోటు," అన్నాను. నోరు తెరిచేదాకా ఆ మాట వస్తుందని నాకే తెలియదు. ఆయన కళ్లు చెమర్చాయి, నా గ్లాసు నింపాడు. ఆ గ్లాసు రుచి నాకిప్పటికీ గుర్తుంది. నిజం చెప్పి ఉంటే ఆ కళ్లు చెమర్చేవి కావు, నవ్వేవి. మా నాన్న వీధుల్లో చిందోన్ వాయించేవాడు. ఆడవాళ్ల కిమోనో, విగ్గు, ముఖానికి సున్నం కొట్టినట్టు తెల్లపొడి, మెడలోంచి వేలాడే చట్రానికి రెండు డోళ్లూ ఒక కంచు పళ్లెమూ, నెత్తిన చిన్న కాగితం గొడుగు. కొత్త బొమ్మల దుకాణం తెరిచారనో, నూడిల్సు ఇవాళ సగం ధర అనో, తైతక్కలాడుతూ ఊరంతా చాటింపు వేయడం ఆయన వృత్తి.

ఆ ఏడాది వేసవిలో ఆ మేళం మా ఆఫీసు కిందనుంచి పోయింది. అందరూ కిటికీ దగ్గరికి ఎగబడ్డారు. కెమ్మొత్సు ఆ నడకను అనుకరించి చూపించాడు. నేనూ నవ్వాను, అందరికంటే కొంచెం ఎక్కువసేపు. నాన్న తల పైకెత్తి కిటికీ వరస చూశాడు, నన్ను చూశాడు, వెంటనే అవతలి వైపు తిరిగి ఇంకా గట్టిగా వాయించాడు.

ఆ ఆదివారం నాన్న దగ్గరికి వెళ్తే, పొయ్యి మీద టోఫూ ఉడుకుతోంది. "ఏరా, ఆఫీసులో నన్ను చంపేశావా?" అన్నాడు, గరిటె తిప్పుతూనే.

నేను బూట్లు విప్పుతూ తల ఊపాను.

"దేంతో?"

"గుండెపోటు."

"మంచిదే. మర్యాదైన చావు. తాగి కాలవలో పడ్డాడనలేదు." కాసేపు నవ్వాడు. "అయినా ఒరేయ్, చచ్చినవాడు ఇంత గట్టిగా డోలు కొట్టడం ఎక్కడైనా విన్నావా?"

ఆ తరువాత ఫోను చేసినప్పుడల్లా "నేనురా, పోయినవాణ్ణి," అనేవాడు. మా ఆఫీసున్న వీధికి మాత్రం మళ్లీ ఎన్నడూ మేళం కట్టుకుని రాలేదు. అది మంచి వీధి, దుకాణాలు ఎక్కువ. ఎందుకు వదులుకున్నావని నేనడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ మెతకతనాన్ని కూడా నేను చిన్నచూపే చూశాను. ఎదురు తిరిగి ఒక్క మాట అని ఉంటే గౌరవించేవాడినేమో. ఇది కూడా, ఇప్పుడు చూస్తే, నాకు నేను అమర్చుకున్న సౌకర్యమే.

కాబట్టి లెక్క తేలికే. ద్వారం కిందనుంచి పోతే పన్నెండు అడుగులు, ఏమీ జరగనట్టే, ప్రతి ఏడాదిలాగే. పక్కనుంచి పోతే, ఎవరు పోయారని అడుగుతారు. ఉన్నదంతా ఒక్క తండ్రి, ఆయనా ఎప్పుడో పోయినవాడు. ఇరవై రెండేళ్లుగా తకారాబె నా మీద పెట్టుకున్న జాలి, నేను దించిన తల, అన్నీ ఆ పూటే బయటపడతాయి. నమ్మకం ఉన్నవాడికైతే ఇబ్బంది. నాకు నమ్మకం లేదు. దేవుడూ మైలా లేనివాడికి రెండు కాంక్రీటు స్తంభాల మధ్యనుంచి నడవడానికి అడ్డేముంది?

అడ్డేమీ లేకపోతే పావుగంట ముందు వచ్చి వీధిలో ఎందుకు నిలబడ్డాను? మనుషులను గమనిస్తున్నానని చెప్పుకున్నాను. వచ్చీ రాగానే అలవాటుగా ముందుకు వేసిన కాలును వెనక్కి తీసుకున్నాను, ఆ తరువాతే గమనించడం మొదలుపెట్టాను. వరస అది. కుక్క తల వంచిన ఆవిడను చూసి నవ్వుకుంటున్నప్పుడు నా కాళ్లు అప్పటికే ఆగిపోయి ఉన్నాయి.

ఆ సందు నాకు కొత్త కాదు. నాకు పదకొండేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పుడు ఫోన్ల దుకాణం చోట టీ ఆకుల కొట్టు ఉండేది. నాన్న రోజూ ఈ ద్వారం దగ్గరనుంచే మేళం మొదలుపెట్టేవాడు. అమ్మ పోయిన యాభై రోజులూ వేషంతో, డోళ్లతో, నా చెయ్యి పట్టుకుని ఆ సందులోంచే అవతలికి తీసుకెళ్లేవాడు. డోలు చట్రం పట్టేది కాదు. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, కొంచెం కొంచెంగా జరిగేవాడు. చట్రం స్తంభానికి రాసుకుని ఎర్ర పెచ్చులు రాలేవి. కొట్టులో ఆడవాళ్లు చూసేవారు. ఒకరోజు నేను ఏడ్చాను, అమ్మ కోసం కాదు, సిగ్గుతో.

"మామూలుగా కిందనుంచి పోదాం, నాన్నా. అందరూ చూస్తున్నారు."

"చూడాలనే కదరా," అన్నాడు. తెల్లపొడి మీద చెమట చారలు కట్టింది. "మీ అమ్మ పోయిందని ఎవరికో ఒకరికి తెలియాలిగా."

చాటింపు వేసేవాడి బుద్ధి, అంతకంటే ఏముంటుంది అనుకున్నాను. చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను.

"సరే, ఒక్కసారి అందరం," అన్నాడు తకారాబె. తొమ్మిది నడుములు ఒకేసారి వంగాయి. లారీల పలక గాలికి టకటకమంది. వాళ్లు లేచారు, అంచునుంచి ఒకరి వెనక ఒకరు లోపలికి నడిచారు. ఉసామి అవతల నిలబడి నా వైపే చూస్తోంది, నేను వంగలేదని ఆవిడ ఒక్కతే చూసింది. అస్థికల జాడీ ఇంట్లో హీటరు పక్క అరలో, కొత్త సంవత్సరం శుభాకాంక్షల కార్డుల పక్కన ఉంది. సుఖంగా ఉండమని రాశారు అందరూ.

"ఏమయ్యా మినోబే, రా మరి!"

నేను ఎడమవైపు నడిచాను.

"ఎటు? ఎటయ్యా?"

"సార్, అది మైల ఉన్నవాళ్ల దారి," అన్నాడు కెమ్మొత్సు, నవ్వుతూనే. "మినోబె గారూ, మీ ఇంట్లో పోవడానికి ఇంకా ఎవరు మిగిలారండీ?"

అవతల ఉసామి నవ్వలేదు. నాకు చోటిస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది.

నేను సైకిలు హ్యాండిలు పక్కకు తిప్పి, సంచి గుండెకు ఆనించుకుని, ఊపిరి బిగబట్టి, పక్కకు తిరిగి, భుజం కాంక్రీటుకు రాసుకుంటూ ఆ సందులోకి దూరాను.