చేతిలో చెయ్యి

ఎడమకాలి చెప్పు కుడికాలికి తొడుక్కొచ్చిన పిల్లవాణ్ణి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి చెప్పులు విప్పుతూనే, ఆయా రెండో చేత్తో గేటు గొళ్ళెం వేసింది. చర్చి వెనక ఉన్న ఈ పసిపిల్లల బడిలో చెప్పులు బయటే విప్పాలి. ఒళ్ళు వెచ్చగా ఉన్న పిల్ల ఇంటికి తిరిగిపోవాలి. తినే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యాలి. ఒంటికన్ను తెరిచి బిస్కెట్ల పళ్ళెం వంక చూసేవాళ్ళను దేవుడూ ఆయా చూసీచూడనట్టు వదిలేస్తారు. అన్నిటికన్నా గట్టి నియమం సాయంత్రానిది. పిల్ల చెయ్యి తీసుకెళ్ళేవాళ్ళ చేతిలో పెట్టేదాకా ఆయా వదలకూడదు.

ఆ నియమం ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. తల్లి పోయాక తండ్రి ఆమెను ఈ చర్చి హాస్టల్లో దింపి, పని వెతుక్కుంటూ దూరం పోయాడు. కొన్నేళ్ళకు తిరిగొచ్చాడు. గడ్డం పెరిగిన ఆ మనిషెవరో తెలియక ఆమె వార్డెన్ వెనక దాక్కుంది. “పిల్ల బెదిరింది, ఇంకోసారి రండి” అన్నారు హాస్టల్ వాళ్ళు. ఆయన తలాడించి వెళ్ళాడు. ఇంకోసారి రాలేదు. ఆమె అక్కడే పెరిగి, ఇక్కడ పనికి కుదిరింది. పెళ్ళి చేసుకుంది, భర్తను పోగొట్టుకుంది. ముక్కులు తుడిచి, జోకొట్టి, ఊళ్ళో సగంమందిని పెంచింది. వాళ్ళు వీధిలో ఎదురైనా గుర్తుపట్టరు. “గుర్తుంటే నాకు భయం, ఏం ఏడిపించానో అని” అని నవ్వేస్తుంది.

సాయంత్రం పిల్లలందరూ వెళ్ళాక ఒక్క పిల్ల మిగిలింది. అందరిచేతా నియమాలు పాటింపజేస్తుందని టీచర్లు ఆ పిల్లకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు. గేటు దగ్గర ఎండకు కమిలిన ముఖంతో ఒకాయన నిలబడ్డాడు. పెద్ద టీచరు వచ్చి ఆయన్ను తేరిపార చూసింది.

“వాళ్ళమ్మ ఫోన్ చేసింది. ఓడలో వంటపని చేస్తాడే, ఆ నాన్నే. పంపించు.”

ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “రా బంగారం, నాన్నని.”

పాకే వయసులో చూసిన నాన్న. పిల్ల కెవ్వుమని అరిచి ఆయా వెనక్కి నక్కింది. ఆయన ముఖం మాడిపోయింది.

“పోనీలెండి, బెదిరింది. వాళ్ళమ్మనే పంపిస్తాను.”

ఆయన వెనుదిరిగాడు. ఆయా గేటు గొళ్ళెం తీసింది.

“ఆగండి బాబూ. చెప్పులు విప్పి లోపలికి రండి.”

“నేనా?”

“ఇక్కడ అందరికీ ఒకటే రూలు.”

పిల్లల కుర్చీలో కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఆయా పాలూ బిస్కెట్లూ తెచ్చి ముందు పెట్టింది. ఆయన చెయ్యి చాచాడు.

“చేతులు కడుక్కోలేదు” అని ఆయా వెనకనుంచి ఒక చిన్న గొంతు వినిపించింది.

ఆయన బుద్ధిగా లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

“సబ్బు?”

సబ్బూ రాసుకున్నాడు. పిల్ల దగ్గరికొచ్చి నురగ మణికట్టుదాకా వచ్చిందో లేదో తొంగిచూసింది. ఆయా చప్పుడు చెయ్యకుండా పక్కకు తప్పుకుంది. కాసేపటికి ఇద్దరూ పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, తెరవమనేదాకా తెరవలేదు.

“ఓడలో రూల్సు ఉండవా?”

“ఉంటాయమ్మా. ఇంత బాగా చెప్పేవాళ్ళే లేరు.”

ఆ పిల్ల తన బిస్కెట్టులో సగం విరిచి ఆయన పాలలో ముంచింది.

వెళ్ళే వేళకు ఆయా పిల్ల చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టింది. నూనె చింది కాలిన మచ్చలున్న అరచెయ్యి. చిన్న వేళ్ళు ఒక్కసారి ముడుచుకుని, తర్వాత ఆయన బొటనవేలిని పట్టుకున్నాయి. అప్పుడు వదిలింది ఆయా.

“రేపట్నించి పాప రాదమ్మా” అన్నాడాయన మెల్లగా. “ఇంక ఓడ మానేశాను. రేవు పట్నంలో హోటల్లో పని దొరికింది. ముగ్గురం పొద్దున్నే బయల్దేరుతున్నాం.”

“మంచిది బాబూ.” ఆమె వంగి పిల్ల చెప్పులు సరిచూసింది. “రోడ్డు దాటేటప్పుడు చెయ్యి వదలకండి.”

“నేను పట్టుకుంటాలే” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. ఆగాలట, అటూ ఇటూ చూడాలట. మలుపు తిరిగేదాకా నాన్నకు చెబుతూనే ఉంది. ఆ మాటలు వినబడినంతసేపూ ఆయా గేటు దగ్గరే నిలబడి నవ్వుకుంది. తర్వాత లోపలికొచ్చి కుర్చీలు సర్దింది, కుళాయి కట్టేసింది.

పక్కనే, మోకాలెత్తు కొక్కేల వరసలో, అరచేతంత తువ్వాళ్ళ మధ్య ఆయన చేతులు తుడుచుకున్న పెద్ద రుమాలు తడితడిగా నేలదాకా వేలాడుతోంది.