ముగ్గురు విన్న ముగింపు

2006 జూన్ 17, శనివారం ఉదయం పదకొండు గంటలకు ఫిల్మ్‌నగర్‌లోని నిర్మాత సూర్యప్రకాశరావు ఆఫీసులో ముగ్గురు ఒక నవల మీద అభిప్రాయాలు చెప్పారు. ముగ్గురిలో ఎవరూ ఆ నవల చదవలేదు.

నవల పేరు 'కవర్డ్ పార్కింగ్'. రాసింది హిమజ. మధురానగర్‌లో ఉంటుంది, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. నవలలో వసంత, ఆమె భర్త కూకట్‌పల్లి అవతల ఫ్లాట్ కొనుక్కుంటారు. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. ఎవరూ ఎవరినీ కొట్టరు, తిట్టరు. చివరి అధ్యాయంలో ఒక ఆదివారం మధ్యాహ్నం, భర్త నిద్రపోతుండగా వసంత బయటికి వెళ్లి బస్టాప్‌లో కూర్చుంటుంది. బస్సు వస్తుంది. ఎక్కదు. ఇంటికి తిరిగి వెళ్లి అన్నం వండుతుంది. నవల అక్కడ ఆగుతుంది.

వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు పాఠకులు ఉత్తరాలు రాశారు. భర్తను అంత దుర్మార్గుడిగా ఎందుకు చూపించారని ఒకరు అడిగారు. అంత మంచి భర్త ఉండగా ఆమెకేం రోగమని మరొకరు అడిగారు. మిగతా భాగం ఎప్పుడు వేస్తారని నల్గొండ నుంచి ఒకాయన రెండుసార్లు కార్డు రాశాడు.

సినిమాకి హక్కులివ్వడానికి హిమజ ఒకే షరతు పెట్టింది. ముగింపు మార్చకూడదు. సూర్యప్రకాశరావు తన పద్ధతి చెప్పాడు. ముగ్గురికి కథ వినిపిస్తాడు. ఇద్దరికైనా ముగింపు నచ్చితే దాన్ని ముట్టుకోడు. నచ్చకపోతే మార్చడానికి ఆమె ఒప్పుకోవాలి. హిమజ సరేనంది.

ఆ ఆఫీసులో కథలు చదవరు, వింటారు. చెప్పే పని అసోసియేట్ డైరెక్టర్ నిఖిల్‌ది. నవల చదివింది అక్కడ అతనొక్కడే. ఒకరి మాట ప్రభావం ఇంకొకరి మీద పడకుండా ముగ్గురికీ విడివిడిగా చెప్పాడు. ఒకరు నిర్మాత భార్య పుష్పవల్లి. ఇంకొకరు నైజాం డిస్ట్రిబ్యూటర్ భిక్షం. మూడో మనిషి నిర్మాత మేనకోడలు సాయిసుధ, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

హిమజ వెంట భర్త రఘునందన్ వచ్చాడు. కారు నడిపింది అతనే. తలుపు పక్కన కుర్చీలో కూర్చుని పేపర్ తీశాడు. అతనూ నవల చదవలేదు. తీరిక దొరికినప్పుడు చదువుతానని పుస్తకం అచ్చయిన రోజు చెప్పాడు.

పుష్పవల్లి మొదలుపెట్టింది. "నాకు ముగింపు నచ్చిందండీ. ఆ అమ్మాయి కర్రీ పాయింట్ పెట్టి అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్లందరికీ పని చూపించింది చూశారూ, అక్కడ ఏడుపొచ్చేసింది నాకు."

హిమజ నిఖిల్ వైపు చూసింది. నిఖిల్ ఫ్యాన్ వైపు చూశాడు.

"కర్రీ పాయింట్ ఏడిదమ్మా?" అన్నాడు భిక్షం. "పొలం కదా. పిల్లగాడు నౌకరి ఇడిసిపెట్టి, పెండ్లాన్ని తీస్కొని ఊరికి పోయిండు. ట్రాక్టర్ ఎక్కిండు. జనం సీటీలు కొడ్తరు సార్, నాది గ్యారంటీ."

"అంకుల్, అదంతా కల కదా," అంది సాయిసుధ. "తను బస్టాప్‌లో నిద్రపోయింది. లేచి చూస్తే ఫోన్లో ప్రమోషన్ మెసేజ్."

"బస్టాప్ ఏంటే?" అంది పుష్పవల్లి. "నువ్వు వేరే కథ విన్నట్టున్నావు."

"నువ్వే వేరే కథ విన్నావత్తా."

హిమజ బ్యాగులోంచి పుస్తకం తీసింది. చివరి పేజీలు తిప్పింది. వెనక్కి వచ్చి మళ్లీ తిప్పింది.

సూర్యప్రకాశరావు ఒప్పందం కాగితాలు ఆమె ముందుకి జరిపాడు. "ముగ్గురికీ నచ్చింది. మాట ప్రకారం ముగింపు మార్చనమ్మా."

"ఏ ముగింపు సార్?"

"మీదే."

"అది నాది కాదండీ."

"ఏది కాదు?"

"మూడూ కావు."

అందరూ నిఖిల్‌ని చూశారు. నిఖిల్ దాచలేదు. "మేడమ్ గారికి బీపీ సార్. ఆవిడ దగ్గర ఆ అమ్మాయిని ఊరికే ఇంటికి పంపిస్తే ఎలా? భిక్షం గారైతే సెకండాఫ్‌లో ఊరు రాకపోతే మధ్యలో లేచిపోతారు. ఎవరికి తగ్గట్టు వాళ్లకి చెప్పడమే కదండీ నా పని. మీరే కదా మెచ్చుకునేది."

"బీపీ నాకు కాదు, ఆయనకి," అంది పుష్పవల్లి.

"అసలుది చదువు," అన్నాడు సూర్యప్రకాశరావు.

నిఖిల్ హిమజ చేతిలో పుస్తకం తీసుకుని చివరి అధ్యాయం పైకి చదివాడు. గొంతు మార్చలేదు. చదివి పుస్తకం మూశాడు.

"అయిపోయిందా?" అన్నాడు భిక్షం.

"అయిపోయిందండీ."

"వాపస్ వచ్చి అన్నం వండింది."

"అవునండీ."

"ఏం కూర?"

"రాయలేదు," అంది హిమజ.

భిక్షం సూర్యప్రకాశరావు వైపు తిరిగాడు. "మరి ఎందుకు పోయినట్టు సార్ ఆమె?"

సూర్యప్రకాశరావు ఆ ప్రశ్న హిమజకి వదిలేశాడు. హిమజ తెలియదంది.

"రాసింది మీరే కదమ్మా," అంది పుష్పవల్లి.

"అవునండీ. అక్కడిదాకానే తెలుసు."

"నాకైతే అర్థమైంది," అంది సాయిసుధ. ఏం అర్థమైందని పుష్పవల్లి అడిగింది. సాయిసుధ చెప్పబోయి ఆగింది. "చెప్తే రావట్లేదత్తా."

అప్పటికి రఘునందన్ పేపర్ మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆమె బస్టాప్ల కూసున్నప్పుడు ఆయన ఏం చేస్తుండు?" అని భార్యని అడిగాడు.

"పండుకున్నడు," అంది హిమజ.

"లేపలేదా?"

"లేపలేదు."

"లేపితే అయిపోతుండె కదా."

సూర్యప్రకాశరావు బల్ల మీద చెయ్యి వేశాడు. "దొరికింది. ఈవిడ లేపదు, వాడే లేస్తాడు. ఇల్లంతా వెతుకుతాడు. చెప్పుల్లేకుండా బస్టాప్‌కి పరిగెత్తుతాడు. బస్సు వస్తుంటుంది."

పుష్పవల్లికి నచ్చింది. భిక్షం ఊరు లేకపోయినా నడుస్తుందన్నాడు. సాయిసుధ ఇదైతే చూస్తానంది.

"ముగ్గురూ విన్నది ఈసారి ఒకటే," అన్నాడు సూర్యప్రకాశరావు. పెన్ను మూత తీసి హిమజకి ఇచ్చాడు. "పైగా చెప్పింది మీవారే. ఇంకేం కావాలమ్మా?"

హిమజ పెన్ను పట్టుకుంది. సంతకం పెట్టలేదు. రఘునందన్ వైపు తిరిగింది. "నువ్వైతే వస్తవా?"

"ఏడికి?"

"బస్టాప్‌కు."

"వస్త కదా. గదేం అడుగుడు?"

"వచ్చి ఏమంటవు?"

రఘునందన్ ఆలోచించాడు.

"ఇంటికి పోదాం పా, అంట."

"ఇంటికే కదా ఆమె పోయింది."

"అవు," అన్నాడు రఘునందన్. తర్వాత, "మరి ఇంకేమనాలె?" అన్నాడు. కోపంతో అడగలేదు. పుష్పవల్లిని చూశాడు, భిక్షాన్ని చూశాడు.

"డైలాగ్ మేం రాయించుకుంటాం సార్," అన్నాడు నిఖిల్.

హిమజ పెన్నుకి మూత పెట్టి కాగితాల మీద ఉంచింది. "మాట తప్పుతున్నందుకు ఏమనుకోకండి సార్. నేను ఇవ్వలేను."

"ముగ్గురికీ నచ్చిందమ్మా," అన్నాడు సూర్యప్రకాశరావు.

"వినపడింది సార్."

"మీవారికి కూడా నచ్చింది."

"ఆయనకి నచ్చిందో లేదో నాకు తెలీదండీ. ఆయన ఇంకా చదవలేదు."

సూర్యప్రకాశరావు రఘునందన్ వైపు చూశాడు. రఘునందన్ లేచి నిలబడ్డాడు. కారు తాళాలు అతని చేతిలోనే ఉన్నాయి, అయినా జేబులు రెండూ తడుముకున్నాడు. హిమజ అందరికీ నమస్కారం పెట్టింది. నిఖిల్ పుస్తకం తిరిగి ఇవ్వబోతే రఘునందన్ చెయ్యి చాపి తీసుకున్నాడు.

వాళ్లు వెళ్లాక గదిలో చర్చ ఆగలేదు. డబ్బు కోసం బెట్టు చేస్తోందని పుష్పవల్లి అంది. ఆ భర్త మంచోడని భిక్షం అన్నాడు. ఏ భర్త అని సాయిసుధ అడిగింది. భిక్షం ఇద్దరూ అన్నాడు. వసంత ఎందుకు వెళ్లిందన్నది తేలలేదు. సూర్యప్రకాశరావు ఒప్పందం కాగితాలు సొరుగులో పెట్టి, సోమవారం నుంచి వేరే కథ చూడమని నిఖిల్‌కి చెప్పాడు.

భోజనానికి బయల్దేరిన నిఖిల్ జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఎర్ర లైటుకి బైక్ ఆపాడు. తనకంటే ముందే బయల్దేరిన హిమజ వాళ్ల కారు పక్కనే ఉంది. పుస్తకం డాష్‌బోర్డు మీద ఉంది. రఘునందన్ ఏదో అడుగుతున్నాడు. హిమజ తల అడ్డంగా ఊపి, మళ్లీ ఏదో చెప్పింది. అద్దాలు ఎక్కించి ఉండడంతో నిఖిల్‌కి మాటలు వినపడలేదు. ఆకుపచ్చ లైటు పడింది. కారు కదల్లేదు. వెనక ఆటో రెండుసార్లు హారన్ కొట్టాక కారు యూసుఫ్‌గూడ వైపు, ఇంటి దారికి తిరిగింది.