కోడికి చెప్పిన మాట

వంశధార సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎడంగా ఉన్న ఆ చేపల పేటలో, అనిత ఇంటిని వెలివేసి వానాకాలం మొత్తం గడిచిపోయింది. పక్కింటి ఝాన్సీకి మాత్రం అది నిన్నటి సంగతిలాగే ఉంది. ఏళ్ల తరబడి ఒకే ఆటోలో చేపల గంపలు వేసుకుని శ్రీకాకుళం వెళ్లివచ్చిన వాళ్లిద్దరూ ఇప్పుడు ఒకే కుళాయి దగ్గర మొహాలు తిప్పుకుని నిలబడుతున్నారు.

అనిత చేసింది చిన్న నేరమా మరి! పదో తరగతి చదివే దాని కూతుర్ని పేట పెద్ద జగన్నాధం మేనల్లుడు దారికాసి చెయ్యి పట్టుకుని లాగాడు. ఇలాంటివి జరిగితే పెద్దలు కూర్చుంటారు, కుర్రాడి చేత ఒక దండం పెట్టిస్తారు, పిల్లని బడి మానిపిస్తారు, అందరూ ఇళ్లకు పోయి కూడు తింటారు. అనిత వాళ్లని కూర్చోనివ్వలేదు. తిన్నగా పోలీసు స్టేషనుకి వెళ్లింది. ఆడది, అందులోనూ పెద్దల్ని అడక్కుండా, స్టేషను మెట్లెక్కడమా! చెయ్యి పట్టుకున్నవాడు బెయిలు మీద వచ్చి, సెల్‌ఫోను నొక్కుకుంటూ ఒడ్డున దర్జాగా తిరుగుతున్నాడు. పేట పరువు తీసింది మాత్రం అనిత అయింది.

ఆ ఇంటివాళ్లతో ఎవరు మాట్లాడినా పెద్దలకి తప్పు డబ్బు కట్టాలి. పని కూడా పోతుంది. ఝాన్సీ మొగుడు చినబాబు పనిచేసేది జగన్నాధం బోటు మీదే.

నోరున్న మనుషులు ఎన్నాళ్లని ఊరుకుంటారు? ఇలాంటప్పుడు ఆ పేట ఆడవాళ్లకి ఒక దారి ఉంది. వెలిలో ఉన్న ఇంటికి ఏదైనా చెప్పాలంటే, ఆ గుమ్మంలో తిరిగే కోడికి చెబుతారు. కోడితో మాట్లాడితే తప్పు లేదు. మొదట్లో అన్నీ మంచి మాటలే. “ఒసే కోడీ, కుళాయి వచ్చిందే” అనేవాళ్లు. రానురాను అదొక వేళాకోళమైంది. “ఏటే కోడీ, పిల్లనేసుకుని కోర్టుకి ఎల్తన్నావేటి?” అని పగలబడి నవ్వేవాళ్లు. దాంతో ఎవరు కోడిని పిలిచినా అనిత టీవీ సౌండు పెంచడం మొదలుపెట్టింది. ఒకసారి నలుగురి మధ్యలో ఉండి ఝాన్సీ కూడా నవ్వింది.

అనిత మొగుడు లక్ష్ముడి పడవని నీళ్లలోకి తొయ్యడానికి ఒడ్డున భుజం పట్టేవాడు లేకపోయాడు. పాపం, ఒక చిన్న తెప్ప చూసుకుని, దాన్ని ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పెట్టుకుని ఒక్కడే వేటకి పోతున్నాడు.

ఒక సాయంత్రం పేట వాట్సాప్ గ్రూపులో జగన్నాధం మెసేజ్ పెట్టాడు. తెల్లవారి పెద్ద గాలి ఉంది, ఎవరూ సముద్రం మీదికి పోవద్దని. టీవీలో అల్పపీడనం మాట రోజూ వినేదే, దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు. గ్రూపులో వస్తేనే పడవలు ఆగుతాయి. లక్ష్ముణ్ణి ఆ గ్రూపులోంచి ఎప్పుడో తీసేశారు.

“మరి ఆ ఇంటోళ్లకి ఎవులు సెప్తారు?” అంది ఝాన్సీ.

“ఆకాశం సూస్తే ఆడికి తెలీదేటి? నువ్వూరుకో. నా పని పోతాది” అన్నాడు చినబాబు.

ఆకాశంలో మబ్బు తునక లేదు. ఝాన్సీకి కాలు నిలవలేదు. చేటలో గుప్పెడు నూకలు వేసుకుని బయటికొచ్చింది. ఎదురరుగు మీద జగన్నాధం కూర్చుని ఇటే చూస్తున్నాడు. అనిత ఇంట్లో లైటు వెలుగుతోంది, తలుపు ఓరగా తీసి ఉంది.

“ఒసే కోడీ!” అని గొంతెత్తింది ఝాన్సీ.

లోపల టీవీ సౌండు పెరిగింది.

“తెల్లారి గాలి వస్తాదట. ఏటకి ఎల్లొద్దని అన్నకి సెప్పే!”

సౌండు ఇంకా పెరిగింది.

ఝాన్సీకి చర్రున కోపమొచ్చింది. ప్రాణం ఉగ్గబట్టుకుని చెబుతుంటే ఇంత పొగరా! వినే ఉంటుంది, వినకపోతే దాని ఖర్మ అనుకుంది. నాలుగడుగులు వేస్తే గుమ్మం. తలుపు తోసి “వదినా” అంటే చాలు. జగన్నాధం ఇంకా చూస్తూనే ఉన్నాడు. ఝాన్సీ నూకలు నేల మీద చల్లేసి ఇంట్లోకి వచ్చేసింది.

పొద్దెక్కాక గాలి విరుచుకుపడింది. పేట పడవలన్నీ ఒడ్డు మీద భద్రంగా ఉన్నాయి. అనిత ఇసకలో పరిగెడుతూ కనిపించినవాళ్లనల్లా “మాయన కనపడ్డాడా?” అని అడిగింది. అందరూ తలలు దించుకుని తప్పుకున్నారు. ఝాన్సీ తలుపేసుకుని లోపలే కూర్చుంది. మర్నాడు లక్ష్ముడి శవం కళింగపట్నం దిగువన ఒడ్డుకి కొట్టుకొచ్చింది.

చావుకి వెలి లేదని పెద్దలు తీర్మానించారు. ఎంత దొడ్డ మనసో! జగన్నాధమే దగ్గరుండి పాడె కట్టించాడు. ఇన్నాళ్లూ కోడితో ఆడుకున్న ఆడవాళ్లంతా అనిత మెడ కావలించుకుని శోకాలు పెట్టారు. ఝాన్సీ కాళ్లీడ్చుకుంటూ వచ్చి పక్కన కూలబడింది.

“వదినా” అంది.

అనిత తలెత్తింది. కళ్లలో నీళ్లు లేవు. “మొన్న సాయంత్రం మా గుమ్మంలోన ఏటో అన్నావు. టీవీ గోలలో నాకు ఇనపడనేదు. అందరి మాదిరే నువ్వూ ఎగతాళి సేస్తన్నావనుకున్నాను. ఏటి సెప్పినావే?”

ఝాన్సీకి ఏమీ లేదని అబద్ధమాడేద్దామనిపించింది.

“సెప్పు. ఇప్పుడు మాటాడొచ్చు కదా.”

చుట్టూ శోకాలు ఆగిపోయాయి. జగన్నాధం చేతిలో తాడు చేతిలోనే ఉండిపోయింది. అనిత మొహంలోకి చూడలేక, ఉబ్బిపోయిన లక్ష్ముడి మొహం వైపు చూస్తూ చెప్పింది ఝాన్సీ.

“తెల్లారి ఏటకి ఎల్లొద్దని అన్నకి సెప్పమన్నాను, వదినా.”